గుడి ఇచ్చాం, చీర ఇచ్చాం... మా వేషమేదీ?

పోయిన ఆదివారం పొద్దున్నే ఫోన్లో ఒక పెళ్లి పిలుపు వచ్చింది. పిలుపంటే మూలలకు పసుపు రాసిన కార్డు అనుకునేరు. నాలుగు నిమిషాల వీడియో. నా స్నేహితుడి కొడుకు పెళ్లి. శ్రీరంగాపురం గుడి ముందు, రంగసముద్రం గట్టు మీద పిల్లగాడు నల్లకోటు తొడుక్కుని నడిచివస్తుంటాడు. ఒక చేతిలో లాప్‌టాప్, ఇంకో చేతిలో కాగితపు కాఫీ కప్పు. ఎదురుగా పిల్ల గొడుగు పట్టుకుని వస్తుంది. వాన లేదు, ఎండ లేదు, గొడుగు మాత్రం ఉంది. ఇద్దరూ ఢీకొంటారు, కాగితాలు గాల్లోకి లేస్తాయి, వాటితో పాటు డ్రోనూ లేస్తుంది.

ఆ కాగితాలు ఏ ఆఫీసువో నాకు అంతుపట్టలేదు. ఎందుకంటే ఆ పిల్లగాడు నా కళ్ల ముందు పెరిగినవాడు. డిగ్రీ చదివాడు, హైదరాబాద్‌లో రెండేళ్లు ఏదో కంపెనీలో పనిచేశాడు, కాలువ నీళ్లు పొలం దాకా రాగానే మూట సర్దుకుని ఊరికొచ్చాడు. కల్వకుర్తి లిఫ్టు కాలువ కింద ఆరెకరాలు. మూడు వరి, మూడు పల్లి. మోటారు కాలితే మెకానిక్‌ని పిలవడు, తనే విప్పి తనే బిగిస్తాడు. అటువంటివాడికి కోటు దేనికి? ఆ లాప్‌టాప్ ఎవరిది? విచారిస్తే తేలింది, అది వీడియో తీసినతనిది.

వారమంతా నాకిదే చిరాకు. మా ఇంట్లో టీ గ్లాసు కూడా నేను మామూలుకన్నా గట్టిగా కింద పెడుతున్నానట.

శ్రీరంగాపురం గుడికి కెమెరాలు కొత్త కాదు గానీ, 2024 తర్వాత పెళ్లిజంటల తాకిడి మరీ ఎక్కువైంది. ఆ ఏడాది మార్చిలో నిశ్చితార్థం, సెప్టెంబరులో పెళ్లి, రెండూ ఆ రంగనాయకస్వామి సన్నిధిలోనే చేసుకున్నారు సిద్ధార్థ్, అదితీరావ్ హైదరీ. ఆ పిల్ల మనకు పరాయిదేం కాదు. వనపర్తి రాజా రామేశ్వరరావు గారి కూతురి కూతురు. గుడి కట్టించిన సంస్థానం అమ్మమ్మగారిల్లే. ఇక పెళ్లికొడుకు ఎవరు? బొమ్మరిల్లు సిద్ధు. తండ్రి చెయ్యి పట్టుకుని విడవడం లేదని తెరమీద రెండున్నర గంటలు నలిగిపోయి, తెలుగు తండ్రులకు శాశ్వతంగా ఒక బిరుదు తగిలించిపోయిన కుర్రాడు. ఇప్పుడు ఏ ఇంట్లోనైనా నాన్న ఓ మాట ఎక్కువంటే చాలు, బొమ్మరిల్లు ఫాదర్ అనేస్తారు. అటువంటి హీరో మా వనపర్తి అల్లుడయ్యాడంటే నేనూ సంబరపడ్డాను, దాచుకోవడం ఎందుకు.

పెళ్లికూతురు కట్టిన బట్టల వివరం చదివినప్పుడు మాత్రం కాస్త కలుక్కుమంది. మహేశ్వరి టిష్యూ లెహంగా, బనారస్ ఓణీ. ఒకటి నర్మద ఒడ్డుది, ఇంకొకటి గంగ ఒడ్డుది. కృష్ణ ఒడ్డున మా గద్వాల ఏం పాపం చేసింది? పెబ్బేరు దాటి బీచుపల్లి వంతెన ఎక్కితే చాలు, అవతల గద్వాల ఉన్న నడిగడ్డే కదా. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు వేరుగా కలిపి నేస్తారక్కడ. కలిసిన చోటు వేలితో తడిమితే తప్ప తెలియదు. ఏటా బ్రహ్మోత్సవాలకు తిరుమల వెంకన్న కట్టుకునే ఏరువాడ జోడు పంచెలు గద్వాల మగ్గం మీదనే తయారవుతాయి. దేవుడి ఉత్సవానికి పనికొచ్చిన మగ్గం కదా అని నా బాధ. సరే, ఆమె పెళ్లి, ఆమె ఇష్టం. నా గొడవ ఆమెతో కాదు.

ఆమె నటించిన సమ్మోహనం చూశారు కదా, 2018లో ఇంద్రగంటి మోహనకృష్ణ తీసింది. అందులో నరేశ్‌కి సినిమా పిచ్చి. షూటింగ్ వాళ్లు ఇల్లు కావాలని వస్తే, ఇస్తాను గానీ నాకో వేషం ఇవ్వాలంటాడు. ఎంత న్యాయమైన బేరం! మా పాలమూరుకి, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాకి, ఆ తెలివి లేకపోయింది. గుడి ఇచ్చాం. సినిమా అత్తగార్లు కట్టుకోవడానికి చీర ఇచ్చాం. నాగర్‌కర్నూలు దిక్కు నుంచి హీరోనే ఇచ్చాం, విజయ్ దేవరకొండ వాళ్లది అచ్చంపేట దగ్గరి తుమ్మన్‌పేట. 2016లో వచ్చిన ఆయన పెళ్లిచూపులు నాకు చాలా ఇష్టమైన సినిమా. తలుపు బిగుసుకుపోయిన గదిలో ఇద్దరు తెలియనివాళ్లు తమ ఓటముల గురించి మాట్లాడుకోవడం, అంతే సరుకు. జాతీయ అవార్డు ఊరికే రాలేదు. కానీ ఆ కథ ఉన్నది హైదరాబాద్‌లో. తుమ్మన్‌పేట పిల్లగాడు హీరో అయ్యాడు గానీ తుమ్మన్‌పేట ఇల్లు తెరకెక్కలేదు.

తెలంగాణకే వేషం దొరకలేదని నేననను. ఫిదాతో బాన్సువాడకు దొరికింది. బలగంతో సిరిసిల్ల దిక్కుకు దొరికింది. దొరికిందంతా ఉత్తరానికే. దక్షిణాన కృష్ణకూ తుంగభద్రకూ మధ్య, నల్లమలకూ జూరాలకూ మధ్య మనుషులు ప్రేమించుకోరా, అలగరా, అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానెయ్యరా? పది సినిమాల పేర్లు రాసుకుని వెతికాను, నా కంటికైతే మా ఇంటి గడప కనబడలేదు.

దీనికో కారణం ఉందని ఆ ఆదివారం మధ్యాహ్నమే నాకు తట్టింది. తట్టేలా చేసింది మా పెద్దమ్మ. ఆమెది అచ్చంపేట అవతల చిన్న పల్లె, కంటి ఆపరేషనుకని మా ఇంట్లో ఉంది. టీవీలో బొమ్మరిల్లు వస్తోంది. ఎన్నోసారో లెక్క లేదు. పెద్దమ్మ మాత్రం మొదటిసారి చూస్తోంది, నల్లద్దాలు పెట్టుకుని. ప్రకాశ్‌రాజ్ కొడుక్కి చొక్కాలు ఎంచి తెచ్చాడు. అప్పుడు మొదలుపెట్టింది.

"గాయిన దినాం ఇంటికాడనే ఉంటడా?"

"ఉంటాడు పెద్దమ్మా."

"పిలగానికి బట్టలు ఆయననే తెస్తడా?"

"తెస్తాడు."

"పిల్లను గూడ ఆయననే సూసిండా?"

"చూశాడు."

"మరి గా పిలగానికేమైంది? ఏంటికేడుస్తుండు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ చివరి ఘట్టం, కొడుకు తండ్రి ముందు బద్దలైపోయే ఘట్టం, తెలుగు కుటుంబ సినిమాలో శిఖరమని ఇన్నేళ్లుగా పదిమందికీ చెబుతూ వచ్చినవాణ్ణి నేను. ఆ సినిమా వచ్చింది 2006 ఆగస్టులో. ఆ ఏడు పెద్దమ్మ కొడుకూ కోడలూ పుణే దిక్కు కాలువ తవ్వకంలో ఉన్నారు. ఇద్దరు మనవలు ఆమె దగ్గర. దసరా దాటాక గుంపు మేస్త్రి అడ్వాన్సు చేతిలో పెడితే లారీ ఎక్కేవాళ్లు, మళ్లీ తొలకరికే మొహం చూపించేది. చిన్నవాడు తండ్రిని చూసి మేస్త్రి వచ్చాడనుకుని మంచం కింద దూరాడట ఒకసారి. ఆ సంగతి ఇంట్లో అందరూ నవ్వుతూనే చెబుతారు.

మన కుటుంబ కథా చిత్రానికి కష్టమంటే ఒకే కప్పు కింద ఎక్కువమంది ఉండటం. ముప్పై మంది ఉన్న ఇల్లు, ఉయ్యాల బల్ల, కొబ్బరిచెట్లు, అలిగిపోయిన అత్త, ఆమెను తీసుకురావడానికి విమానమెక్కే మేనల్లుడు. మా దగ్గర ఇల్లు విడిపోవడానికి అలక అక్కర్లేదు, అడ్వాన్సు చాలు. బలగం గొప్ప సినిమా, మా ఆవిడా నేనూ కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాం. నల్లి బొక్క దగ్గర తెగిన బంధుత్వాన్ని అంత నిజంగా ఇంకెవరూ చూపలేదు. కానీ అందులో ముసలాయన పోయాడనగానే ఫోన్లు చేస్తే అందరూ దిగుతారు. మా ఊళ్లలో ఆ రోజుల్లో కబురు అందడమే ఒక పూట. బొంబాయి బస్సు దొరికితే కొడుకు కొరివి పెట్టేవాడు, దొరక్కపోతే పాలోళ్లు పెట్టేవాళ్లు. ఆ బస్సు కోసం శవం దగ్గర కూర్చున్న ఒక రాత్రి చాలు, సినిమాకి ఇంకో కథ అక్కర్లేదు.

ఇక్కడ నా పాత పాట ఎత్తుకోక తప్పదు, తెలిసినవాళ్లు క్షమించాలి. తెలుగు సినిమాల్లో ప్రేమికులు పని చెయ్యరు. ఏ పని చేసి బతుకుతారో తెలియదు. పూర్వం ఇలా లేదు. గుండమ్మ కథలో, 1962లో, ఎన్టీ రామారావు అంతటివాడు నిక్కరు తొడుక్కుని పిండి రుబ్బాడు. ప్రేమ ఆ రుబ్బురోలు దగ్గరే పుట్టింది. 1955 నాటి మిస్సమ్మ ఇంకా గట్టిది. ఉద్యోగ ప్రకటన దంపతులు కావాలంటుంది. ముక్కూమొహం తెలియని ఇద్దరు నిరుద్యోగులు మొగుడూ పెళ్లాలమని చెప్పి బయల్దేరతారు. మేరీ ఎందుకు ఒప్పుకుంది? ఇంటి మీద అప్పు. అప్పు తీర్చడానికి ఊరు విడిచిన పిల్ల కథ అది. నన్నడిగితే మిస్సమ్మ పాలమూరు సినిమా. పెద్దమ్మకు ఆ కథ చెబితే వెంటనే పట్టేసింది. మేస్త్రి కూడా జోడీనే అడిగేవాడట. ఒంటి మనిషిని చూస్తే మొహం చిట్లించేవాడట. ఇక అక్కడ ఎవరు ఎవరితో జోడీ అని రాయించుకుని వెళ్లారో, వెళ్లినచోట ఏమయ్యిందో పెద్దమ్మ నోట ఓ నాలుగు కథలు విన్నాను. అచ్చులో రాసేవి కావు. మిస్సమ్మ రాసిన చక్రపాణి గారుంటే ముచ్చటపడేవారు.

ప్రేమ సన్నివేశమంటారా? పాత సినిమాల్లో హీరో హీరోయిన్లు దగ్గరవగానే కెమెరా పక్కకు తిరిగి రెండు పూలను చూపించేది. గాలికి అవి ఒకదాన్నొకటి తాకేవి. ఆ షాట్ చూసి నవ్వుకుంటాం గానీ, గద్వాల దిక్కు సీడ్ పత్తి చేలలో ఆ పని కూలీకి చేస్తారు. సాయంత్రం ఆడ సాళ్లలో మరునాడు విచ్చే మొగ్గలను ఎంచి, పైపొర ఒలిచి, లోపలి పుప్పొడి తిత్తులను గోటితో గీకేస్తారు. గుర్తు కోసం రంగు కాగితం ముక్క తగిలిస్తారు. తెల్లారి ఎండ ఎక్కగానే మగ సాళ్ల పూలు తెంపి తెచ్చి, వాటిని ఒక్కో మొగ్గకూ ఆనించి మెల్లగా రాస్తారు. రోజుకు వందల మొగ్గలు, వంచిన నడుము ఎత్తకుండా. సరిగా అంటితే కాయ, అంటకపోతే కూలి దండగ. క్రాసింగ్ అంటారు ఆ పనిని. చిన్న వేళ్లయితే బాగా చేస్తాయని ఒకప్పుడు బడి మాన్పించి ఆడపిల్లలను తీసుకెళ్లేవాళ్లు. ఆ చేలలో ఎదురెదురు సాళ్లలో పనిచేస్తూ ఇష్టపడ్డవాళ్లు లేరంటే నేను నమ్మను. కెమెరాను పక్కకు తిప్పాల్సిన పని కూడా లేదు, చుట్టూ పూలే.

సిద్ధార్థ్ ఇంకో సినిమా కూడా గుర్తుచేసుకోవాలి, 2005 సంక్రాంతికి వచ్చిన నువ్వొస్తానంటే నేనొద్దంటానా. లండన్ నుంచి దిగిన పిల్లగాడికి పిల్ల అన్న పెట్టిన పరీక్ష ఏమిటి? సేద్యం చేసి చూపించు, అప్పుడిస్తాను నా చెల్లెల్ని. నాగలి పట్టడమే అర్హత. ఆ సినిమా చూసి మా ఊళ్ల పిల్లలు నవ్వారు. చూపించడానికి నీళ్లుంటే కదా. బోర్లు ఎండి, ఉన్నవాళ్లంతా లారీలెక్కిన రోజులవి.

ఇప్పుడు నీళ్లొచ్చాయి. జూరాల, నెట్టెంపాడు, కల్వకుర్తి, ఏదో ఒక కాలువ. వలసపోయినవాళ్లలో చాలామంది తిరిగొచ్చారు, నాట్లకు బీహార్ నుంచి కూలీలు మా ఊళ్లకే వస్తున్నారు. ఇక పిల్ల అన్నగార్లు ఏమంటున్నారంటే, సేద్యం చేసేవాడికి పిల్లనివ్వం. కాలువ కింద ఆరెకరాలు ఉన్నవాడికన్నా హైదరాబాద్‌లో నెలకు పదిహేను వేలకు చేసే కుర్రవాడే మేలట. సంబంధాలు చూసే పేరయ్యే నాతో అన్నాడు, ఫొటోలో వెనకాల ట్రాక్టర్ కనబడితే కత్తిరించి పంపుతానని. ముప్పై దాటిన పిల్లగాళ్లు మా చుట్టుపక్కల ఏ ఊళ్లో చూసినా అరడజను తేలుతారు, అందరూ రైతులే. ప్రేమకూ పెళ్లికీ పెద్దలు పెట్టే పరీక్ష ఇరవై ఏళ్లలో ఇట్లా తలకిందులైంది. దీన్ని మించిన హాస్యం ఏ రచయితకు దొరుకుతుంది? దర్శకులు మాత్రం ఇంకా ఉయ్యాల బల్ల దగ్గరే ఊగుతున్నారు.

బుధవారం నాడు ఆ వీడియోలోని పిల్లగాడు పెళ్లికి పిలవడానికి స్వయంగా ఇంటికొచ్చాడు. అరచేతుల్లో మోటారు గ్రీజు పూర్తిగా పోలేదు. ఇక ఆగలేక అడిగేశాను, ఆ కోటూ లాప్‌టాపూ ఏందిరా అని. నవ్వాడు.

"మా మామకు ప్రైవేటు జాబ్ అని చెప్పిన్రు పెద్దనాయనా. పెళ్లయినాక నిమ్మళంగ చెప్తం."

"పిల్లకు తెలుసా?"

"పిల్లకు తెల్వకపోతే ఎట్ల? సదువుకునేటప్పటి సంది తెలుసు మాకు. లగ్గం పెద్దలు జేసినట్లు మల్పుకున్నం."

లాప్‌టాప్ ఆలోచన ఆ పిల్లదేనట. తన ఫోన్ తీసి, ఆమె పోయిన యాసంగిలో తీసిన వీడియో ఒకటి చూపించాడు. ఇరవై సెకన్లు కూడా లేదు. చీకటి ఇంకా విడవలేదు, టార్చి వెలుతురు ఒకటే. బనియను మీద వీడు, మోకాళ్ల దాకా బురదలో, పారతో మడవ తిప్పుతున్నాడు. నీళ్లు అడ్డం తిరిగి పల్లి చేనులోకి పారాయి. కెమెరా వెనకాల నుంచి ఆడగొంతు కిసుక్కున నవ్వింది.

దాన్ని ఎవరికీ పంపొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు.