తోడేలుకి దొరకని దోస్తులు
సర్వైవల్ గేమ్ మాంగాల్లో చావులకి లెక్కే ఉండదు. కానీ ఏడిపించేవి కొన్నే. ఎందుకలా? (స్పాయిలర్ ఉంది, చూస్కోండి!)

హారో అసో 2010లో మొదలుపెట్టిన 'ఆలిస్ ఇన్ బోర్డర్‌ల్యాండ్'నే తీసుకోండి. అందులో 'సెవెన్ ఆఫ్ హార్ట్స్' ఆటలో ఒకరు తోడేలు, మిగతావాళ్లు గొర్రెలు. తోడేలు ఎవరి కళ్లలోకి చూస్తే వాళ్లే కొత్త తోడేలు. టైమ్ అయ్యేసరికి తోడేలుగా ఉన్నవాళ్లే బతుకుతారు.

మొదట ప్రాణభయంతో స్నేహితులే కొట్టుకుంటారు. చివరికి తోడేలైన అరిసు వెతుకుతుంటే, వాడు బతకాలని కరుబే, చోటా దొరక్కుండా దాక్కుంటారు. కోడ్ రాసేవాణ్ణిగా నాకు తట్టిందొకటే: రూల్ ఒక్క అక్షరం కూడా మారలేదు, ఆడేవాళ్లు మారిపోయారు.

ఈసారి ఏ క్యారెక్టర్ పోయినా కన్నీళ్లొస్తే, కొన్ని పేజీలు వెనక్కెళ్లి చూడండి. ఆ మార్పు అక్కడే మొదలై ఉంటుంది.