మధ్యధరా పాస్తాకు మీగడ ఎందుకు?

పావుగంటలో మెడిటరేనియన్ పాస్తా అంటూ ఈమధ్య పత్రికల్లోనూ వీడియోల్లోనూ చూపిస్తున్న వంటల మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. వెన్నలో మైదా వేయించి, పాలు పోసి, మీగడ కలిపి, పైన చీజ్ తురిమి, దానికి మధ్యధరా సముద్రం పేరు పెడుతున్నారు. ఆ తీరంలో, ముఖ్యంగా దక్షిణ ఇటలీలో, ఇంట్లో ఉన్నవాటితో పూట గడుపుకునే వంట వేరే ఉంది. నేపుల్స్‌వాళ్ల స్పగెట్టి ఆల్యో ఎ ఓలియోలో వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిరప, దొరికితే కాస్త పార్స్లీ తప్ప మరేమీ ఉండవు. చీజ్ కొనే స్తోమత లేని ఇళ్లలో ఎండిపోయిన రొట్టెను పొడిచేసి, నూనెలో వేయించి చల్లుకునేవారు. డబ్బా టమాటా, ఆలివ్ కాయలు, ఉప్పులో ఊరిన కేపర్ మొగ్గలు, ఆంచోవీ చేపలు కలిస్తే పుత్తనెస్కా సాస్ అవుతుంది. అన్నీ అలమరలో నెలల తరబడి నిలవుండేవే.

ఈ తిండి గొప్పతనం లోకానికి తెలిసిందీ పేదల కంచాల నుంచే. 1950ల తొలినాళ్లలో నేపుల్స్ వెళ్లిన అమెరికన్ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, మాంసం, వెన్న అరుదుగా తినే కార్మికుల్లో గుండెజబ్బులు తక్కువని గమనించారు. తిండికీ గుండెజబ్బులకూ ఉన్న సంబంధంపై 1958లో ఆయన మొదలుపెట్టిన ఏడు దేశాల అధ్యయనానికి అదే పునాది. తనకు అనుకూలమైన దేశాలనే ఏరుకున్నారన్న విమర్శ ఆయన మీద ఉంది. సరే, స్పెయిన్‌లో జరిగిన పెద్ద ప్రయోగాన్ని చూద్దాం. 2013లో వెలువడిన దాని ఫలితాల పత్రాన్ని పద్ధతిలో లోపాల వల్ల వెనక్కి తీసుకున్నారు. 2018లో మళ్లీ లెక్కగట్టి ప్రచురించినప్పుడు కూడా, కొవ్వు తగ్గించమని సలహా పొందినవారితో పోలిస్తే, ఆలివ్ నూనెతోనో గింజపప్పులతోనో ఆ తీరపు తిండి తిన్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటివి దాదాపు 30 శాతం తక్కువగానే తేలాయి. అందులో మీగడకు చోటు లేదు.

మీగడ లేకపోతే పాస్తా పొడిపొడిగా ఉంటుందంటారు. ఉంటుంది, ఉడికించిన నీళ్లు పారబోస్తే. గంజి విలువ తెలిసిన మనమే ఆ చిక్కటి నీళ్లను తూములో పోసి, పాస్తాను చన్నీళ్లతో కడిగి, పోయిన చిక్కదనాన్ని మీగడతో కొని తెచ్చుకుంటున్నాం. మనిషికి 100 గ్రాముల పాస్తా, లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు చాలు. ప్యాకెట్ మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే పాస్తా తీసి, సన్నసెగ మీద వెల్లుల్లి వేగిన నూనెలో వేసి, గరిటెడు ఆ నీళ్లు పోసి బాగా ఎగరేయాలి. నీళ్లలోని పిండి నూనెను, నీటిని కలిపి పట్టుకుంటుంది. సాస్ పాస్తాకు అంటుకుంటుంది. ఈ ఒక్కటీ నేర్పకుండా ఎన్ని వంటకాలు చూపించినా ప్రయోజనం లేదు. మన నాలుకకు చప్పగా ఉంటుందన్న వాదనకూ బలం లేదు: వెల్లుల్లి, ఎండుమిర్చి నూనెలో వేగితే వచ్చే రుచి తెలియని తెలుగిల్లు ఎక్కడుంది? మాంసకృత్తులు కావాలంటే ఉడికించిన కాబూలీ శనగలు కలపండి. శనగలతో పాస్తా ఇటలీలో పాత వంటకమే, శనగలు ప్రకాశం జిల్లాలో పండుతాయి.

ఆలివ్ నూనె ఖరీదు కదా అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. ఇద్దరికి మూడు నాలుగు చెంచాలు చాలన్నది ఒక సమాధానం. కానీ ఆ డబ్బుకు ఏం కొంటున్నామన్నది అంతకన్నా పెద్ద సంగతి. నూనె తీయగా మిగిలిన ఆలివ్ పిప్పి నుంచి రసాయన ద్రావకంతో లాగి, శుద్ధిచేసిన పామేస్ నూనెను ఆలివ్ బొమ్మ పెద్దగా వేసి అమ్ముతున్నారు. పాస్తాదీ ఇదే తంతు. ఇటలీలో తయారై అక్కడే అమ్ముడయ్యే ఎండు పాస్తాను డ్యూరమ్ గోధుమ రవ్వతోనే చేయాలని 1967లోనే చట్టం చేశారు. మనకు మధ్యప్రదేశ్‌లోని మాళవంలో మంచి డ్యూరమ్ పండుతున్నా, మైదా పాస్తా అదే అరలో, అదే పేరుతో దొరుకుతుంది. అది మైదా అన్న ముక్క వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. పేరెంత పెద్దగా ఉందో, దేనితో చేశారన్నదీ ముందువైపు అంతే పెద్దగా అచ్చువేయాలని ఆహార భద్రతా సంస్థ ఆదేశించాలి. ఆ ఆదేశం వచ్చేదాకా ప్యాకెట్ తిప్పి చదవండి. డ్యూరమ్ గోధుమ రవ్వ అని లేకపోతే తిరిగి అరలో పెట్టేయండి.