మారీచుని గొంతు, నౌకకు రక్ష

మొయినాబాదు, చేవెళ్ళల మీదుగా బీజాపురమునకు పోవు బాట మర్రిచెట్ల నీడలకు ప్రసిద్ధము. సముద్రము అచటికి బహుదూరము. అయినను ఆ బాటకు చేరువనే, పూడూరు మండలమందలి దామగుండము అడవిలో, జలాంతర్గాములకు వార్తలు పంపు నౌకాదళ కేంద్రమునకు 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగినది. అందుకై 2,900 ఎకరముల అటవీభూమి కేటాయింపబడినది. అడవి తరిగిపోవునని పర్యావరణ ప్రియులు అభ్యంతరము తెలిపిరి. కావున సముద్రయుద్ధముతో మనకేమి పని యని చేవెళ్ళ విద్యార్థి అనుకొను కాలము గడచినది.

సముద్రగర్భమున కన్ను పనిచేయదు, చెవియే ఆధారము. వెలుతురును, సామాన్య రేడియో తరంగములును ఉప్పునీటిలో త్వరలోనే అణగిపోవును. దామగుండమునుండి పంపదలచిన దీర్ఘతరంగములు సయితము పైపొరలనే చేరగలవు. ధ్వని మాత్రము సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగముతో దూరదూరములకు పోవును. ఓడ యంత్రముల రొదయే శత్రువునకు ఆనవాలు. ఆ రొదను వెన్నాడు టార్పెడోలను జర్మనీ 1943లో ప్రయోగింపగా, మిత్రరాజ్యములు ఓడల వెనుక రొదచేయు పరికరములను ఈడ్చుకొనిపోయి వానిని అటు మరల్చినవి.

టార్పెడో ఎంత భయంకరమో మన దేశము 1971 డిసెంబరు 9న చవిచూచినది. పాకిస్తాను జలాంతర్గామి హాంగోరు దెబ్బకు ఖుక్రీ నౌక మునిగి, 18 మంది అధికారులు, 176 మంది నావికులు అసువులు బాసిరి. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను విడువక దానితోనే మునిగెను.

2020 జూన్ 26న నౌకాదళమున చేరిన రక్షణ సాధనము పేరు 'మారీచ్'. విశాఖపట్టణము, కొచ్చి నగరములందలి నౌకాదళ పరిశోధనశాలలు దీనిని రూపొందించినవి. ఓడ వెనుక నీటిలో సాగు వినికిడి పరికరముల వరుస ముందుగా టార్పెడోను పసిగట్టును. పిమ్మట ఈడ్వబడు ఎరయు, నీటిలోనికి విడువబడు ఎరలును దానిని దారి తప్పించును.

రామాయణమున మారీచుడు రెండు మోసములు చేసెను. బంగారులేడి రూపము కంటిని వంచించినది. శ్రీరాముని గొంతుతో పెట్టిన కేక చెవిని వంచించినది. నౌకాదళపు మారీచుడు రెండవ విద్యను నమ్ముకొన్నవాడు. కాని ఆ కేకకు సీత చలించినను, అది అన్నగారి గొంతు కాదని లక్ష్మణుడు గ్రహించెను. నేటి టార్పెడోలును లక్ష్మణులగుచున్నవి. ఒకచోటనే నిలిచి అరచు ఎరను అవి కనిపెట్టగలవు. అందువలన ఎరకు గొంతుతోపాటు నడకయు నేర్పవలసివచ్చినది. తానే ఈదుచు జలాంతర్గామిని అనుకరించు యంత్రమును అమెరికా 1970వ దశకముననే వాడెను. ఇక ఓడ విడిచిన నురుగుజాడను పట్టి వచ్చు టార్పెడోకు గొంతుతో పనియే లేదు.

ఎర వలన ఓడకు దక్కునది విజయము కాదు, కొలది నిమిషముల వ్యవధి మాత్రమే. వందలాది నావికుల ప్రాణములు ఆ నిమిషములలో నిలుచును. వానిని సంపాదించి పెట్టునది ధ్వని, ప్రతిధ్వనులను గూర్చిన శాస్త్రజ్ఞానము. అది బడిలో మొదలగు పాఠమే. అడవిని ఇచ్చిన సీమకు ఆ పాఠమును చక్కగా నేర్పుమని అడుగు హక్కు కలదు.