గాలి దిక్కు - రన్‌వే అంకె

పడవవాడు గాలివాటు చూచి తెరచాప యెత్తును. విమానము నడుపువాడు నేలకు దిగునప్పుడు గాలికి ఎదురుగ రావలెనని చూచును. ఇందలి కారణమును, విమానము పరుగెత్తు బాటయైన రన్‌వేపై వ్రాయు అంకెల భావమును మన బాలబాలికలందరును ఎరుగవలెనని మా అభిప్రాయము. చదివినదానిని సరిచూచుకొను అలవాటునకు ఇంతకంటె మంచి పాఠము అరుదు.

విమానమును మోయునది రెక్కలమీదుగా పారు గాలి. గాలిపటము ఎగురవేయు బాలుడు గాలికి ఎదురుగ పరుగెత్తుటయు ఇందులకే. గాలిలో గంటకు 250 కిలోమీటర్ల వేగముతో దిగు విమానమునకు 20 కిలోమీటర్ల గాలి ఎదురైనచో నేలపై దాని వేగము 230 మాత్రమే. అదే గాలి వెనుకనుండి తరిమినచో 270 అగును. విమానమును నిలుపుటకు అణచవలసిన శక్తి వేగము యొక్క వర్గమును బట్టి యుండును. కనుక వెనుకగాలితో దిగినచో ఆ శక్తి మూడవవంతుకు మించి అధికమగును. ఆగుటకు బాటయు ఆ మేరకు పొడవు కావలయును.

ఇక అంకెల మాట. అయస్కాంతపు ఉత్తర దిక్కునుండి గడియారపు ముల్లు తిరుగు వైపుగా బాట దిక్కును డిగ్రీలలో కొలిచి, దగ్గరి పదికి సవరించి, చివరి సున్న తీసివేయుదురు. చెన్నై విమానాశ్రయపు ప్రధానమైన రన్‌వేకు 07, 25 అని రెండు అంకెలు కలవు. తూర్పు కొనన 25 అని యుండుట చూచి పిల్లలు ఆశ్చర్యపడవచ్చును. అది తూర్పునుండి వచ్చి సుమారు 250 డిగ్రీల దిక్కునకు, అనగా పడమటివైపు, సాగువాని కొరకు వ్రాసినది. రెండు అంకెలకు తేడా 18. అనగా 180 డిగ్రీలు.

పడమటినుండి వచ్చుదానిని మనము పడమటి గాలి యందుము. వైమానికుల లెక్కయు అదియే. బాటకు పోవు దిక్కును బట్టి, గాలికి వచ్చు దిక్కును బట్టి పేరు. కావున కంట్రోల్ టవరువారు గాలి 250 డిగ్రీలని తెలిపినప్పుడు 25 అంకెపై దిగువానికి గాలి సూటిగా ఎదురగును. 07 పై దిగువానికి అదియే వెనుకగాలి.

ఈ అంకెను కంఠస్థము చేసిన చాలదు. 2006 ఆగస్టు 27న అమెరికాలోని లెక్సింగ్టన్‌లో 22వ రన్‌వేనుండి ఎగురవలసిన విమానమొకటి పొరపాటున పొట్టిదైన 26వ రన్‌వేనుండి బయలుదేరినది. బాట చాలక కూలిపోయి, అందలి 50 మందిలో 49 మంది మరణించిరి. రెండు బాటల దిక్కులకు 40 డిగ్రీల తేడా. ఆ తేడాను దిక్కు చూపు యంత్రము చూపుచునే యుండెను. నడుపువారు దానిని అంకెతో సరిచూడరైరి.

అంకెయు శాశ్వతము కాదు. భూమి యొక్క అయస్కాంత ధ్రువము కదలుచుండును. అందుచేతనే 2011లో అమెరికాలోని టాంపా విమానాశ్రయమున 18 అను అంకెను చెరిపి 19 అని వ్రాసిరి.

ఇట్టివి పరీక్షలో అడుగరు గదా యని కొందరు తల్లిదండ్రులు తలపవచ్చును. కోణములు, వర్గములు, అయస్కాంతము, దిక్కులు అన్నియు పిల్లల పాఠ్యపుస్తకములలో నున్నవే. వేరువేరుగ వల్లించిన నాలుగు పాఠములును ఇచ్చట ఒక్క పనికి కూడివచ్చుచున్నవి. ఒక దిక్సూచి, కఱ్ఱకు కట్టిన గుడ్డగొట్టము, గుప్పెడు సున్నము ఉన్నచో ఆటస్థలమున ఒక బాట గీచి, రెండు కొనలను అంకెలు వేయవచ్చును. ప్రతి ఉదయము గాలి చూచి, విమానము ఏ కొననుండి దిగవలెనో ఒక్కొక్క విద్యార్థి కారణముతో చెప్పవలెను. తప్పు చెప్పినవాని తప్పును ఉపాధ్యాయునికంటె ముందు ఆ గుడ్డగొట్టమే చూపును.