వ్యాపారమే కదా అంటే సరిపోతుందా?

మద్యం తాగడం హరామ్ అని మన ఇళ్ళలో ఏ చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. కాని తాగకుండా తయారు చేయవచ్చా, తాగకుండా అమ్మవచ్చా, అమ్మేవాడికి మన మడిగె అద్దెకివ్వవచ్చా అని అడిగితే పెద్దవాళ్ళు కూడా తటపటాయిస్తారు. "మేం ముట్టుకోము కదా, వ్యాపారమే కదా" అనే మాట అక్కడే పుడుతుంది.

మెదక్ వాసులకు ఇది ఎక్కడో దూరాన ఉన్న ప్రశ్న కాదు. 2016లో జిల్లా మూడు ముక్కలు కాకముందు మనలో భాగంగా ఉన్న సంగారెడ్డి ప్రాంతంలో పెద్ద బీరు ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. ఇప్పుడు దీనికి మరో కొత్త మోజు తోడైంది. సెల్‌ఫోనులో వీడియోలు చూసి, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, హాప్స్ పువ్వులు, ఈస్టు తెప్పించుకుని ఇంట్లోనే బీరు కాచే సరదా చదువుకున్న కుర్రకారుకు అంటుకుంటోంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చాక హైదరాబాదులో అక్కడే కాచి అక్కడే పోసే దుకాణాలు వెలిశాయి. వాటిని చూసి, సరదాగా నేర్చిన పనినే రేపు వ్యాపారంగా మార్చుకుందామని కలలు కనే యువకులున్నారు. వారిలో మన పిల్లలు ఉండరని ఎవరు చెప్పగలరు?

ముందుగా లోకం లెక్క చూద్దాం. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. ఇక లైసెన్సు పొందినవారి సంగతి. తెలంగాణలో బీరు ఫ్యాక్టరీ తన సరుకును ప్రభుత్వ కార్పొరేషన్‌కే అమ్మాలి. కొనేవాడు ఒక్కడే, ధర నిర్ణయించేదీ ప్రభుత్వమే. 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ వంటి మహా కంపెనీయే బకాయిలు రాలేదని, ధర పెంచలేదని కొన్నాళ్ళు సరఫరా ఆపివేసింది. అంత పెద్ద కంపెనీకే ఊపిరాడని వ్యాపారంలో, ఇంట్లో రెండు బిందెలు కాచిన కుర్రవాడి గతి ఏమిటి? పోనీ దుకాణమే పెడదామంటే, 2025లో వైన్ షాపుకు దరఖాస్తు పెట్టడానికే 3 లక్షల రూపాయలు కట్టాలి. లాటరీలో పేరు రాకపోతే ఆ సొమ్ము తిరిగి రాదు. దివ్యఖుర్‌ఆన్ 'మాయిదా' సూరాలోని 90వ ఆయత్ మద్యాన్నీ జూదాన్నీ ఒకే వరుసలో నిలబెట్టి రెంటికీ దూరంగా ఉండమంది. ఇక్కడ రెండూ ఒకే కౌంటరు దగ్గర కలుసుకున్నాయి.

అయితే లాభం రాదు కనుక వద్దనడం మన వాదన కాదు. లాభం వచ్చినా వద్దనేదే అసలు విషయం.

ఇంట్లో తయారైన మద్యం సంగతి ఇస్లాం చరిత్రకు కొత్తదేమీ కాదు. నిషేధం వచ్చిన రోజున మదీనాలో దుకాణాలకంటే ఇళ్ళలోనే అది ఎక్కువగా తయారయ్యేది. హజ్రత్ అబూ తల్హా (రజి) ఇంట్లో ఖర్జూరాలతో చేసిన మద్యాన్ని అతిథులకు వడ్డిస్తున్నది చిన్నవాడైన హజ్రత్ అనస్ (రజి). వీధిలో నిషేధపు చాటింపు వినపడగానే అబూ తల్హా దాన్ని పారబోయమన్నారు. మదీనా వీధుల్లో అది పారింది. మిగిలింది అమ్ముకుందామని ఆ ఇంట ఎవరూ అనలేదు.

అమ్ముకుందామని అడిగినవారూ లేకపోలేదు. ఒక వ్యక్తి దైవప్రవక్త (స)కు మద్యపు తిత్తిని కానుకగా తెచ్చాడు. అది నిషిద్ధమైందని తెలిసి, పక్కనున్నవాడి చెవిలో అమ్మేయమని చెప్పాడు. దాన్ని తాగడం నిషేధించినవాడే అమ్మడాన్నీ నిషేధించాడని ప్రవక్త (స) ఆయనకు తెలియజేశారు. మరో సందర్భంలో అనాథలకు వారసత్వంగా వచ్చిన మద్యం గురించి అబూ తల్హా (రజి) అడిగితే, దాన్నీ పారబోయమన్నారు. అనాథల ఆస్తిని కంటికి రెప్పలా కాపాడమన్న ధర్మం, ఆ ఆస్తి మద్యమైనప్పుడు మాత్రం వదులుకోమంది! మన కుటుంబ పోషణ అనే సాకు అంతకంటే పెద్దదా? మద్యం విషయంలో పిండేవాడు, పిండించేవాడు, మోసేవాడు, మోయించుకునేవాడు, పోసేవాడు, అమ్మేవాడు, కొనేవాడు, దాని సొమ్ము తినేవాడు, ఇలా పదిమందిని శాపగ్రస్తుల జాబితాలో చేర్చిన హదీసు కూడా మన ముందుంది. ఆ పదిమందిలో తాగేవాడు ఒక్కడే. కనుక "మేం తాగం" అన్నంత మాత్రాన తక్కినవారు ఆ జాబితా నుండి తప్పించుకోలేరు.

ఇంటి సరుకు బజారుకెక్కితే ఏమవుతుందో చూడడానికి మెదక్ ప్రజలు దూరం పోనక్కరలేదు. కల్లు చెట్టు నుండి దిగేది. చెట్టు ఇచ్చేదానికి ఒక హద్దుంది, గిరాకీకి హద్దు లేదు. ఆ తేడాను పూడ్చడానికే కొందరు వ్యాపారులు క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపారు. 2015 సెప్టెంబరులో అధికారులు కల్తీని అడ్డుకున్నప్పుడు మెదక్, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏమైంది? అలవాటుపడ్డ కూలీలు, వృద్ధులు, ఆడవాళ్ళు మందు అందక మూర్ఛలతో, పిచ్చిచూపులతో ఆసుపత్రుల పాలయ్యారు. ఈ దోషం ఏ ఒక్క కులానిదీ కాదు, ఏ మతానిదీ కాదు. ఎదుటివాడు ఎంత ఎక్కువ తాగితే అంత లాభమనే లెక్కది.

ఆ లెక్కను ఎదిరించినవారు కూడా అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోనే పుట్టారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడపడుచులు సారా దుకాణాల మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు. ఆ తల్లులు వ్యాపారమే కదా అనుకోలేదు. కూలి డబ్బులు ఇంటికి రాకముందే ఎక్కడ ఆగిపోతున్నాయో వారు చూశారు.

"ప్రభుత్వమే అమ్ముతోంది, మేం చేస్తే తప్పా?" అని కొందరు అడుగుతారు. చట్టం అనుమతించిన ప్రతిదీ మనకు ధర్మం కాజాలదు. వడ్డీ వ్యాపారానికీ చట్టం అనుమతి ఉంది. "ఉద్యోగాలు ఎక్కడున్నాయి?" అనేవారి బాధ మాత్రం నిజమైనది. బీరు ఫ్యాక్టరీలో ఇప్పటికే కూలి చేసుకుంటున్న పేద సోదరుణ్ణి మసీదు ముందు నిలదీసి అవమానించడం మన పని కాదు. అతనికి వేరే పని చూపించే బాధ్యత ఊళ్ళోని స్తోమతగలవారిదీ, మసీదు కమిటీదీ. జకాత్ సొమ్ములో కొంత అర్హులైన పేద యువకులకు బండి, తోపుడుబండి, కుట్టుమిషను కొనిపెట్టడానికి వినియోగిస్తే ఎన్ని కుటుంబాలు నిలదొక్కుకుంటాయి!

ఇక పానీయాల తయారీ అంటేనే ఇష్టమున్న యువకుడికి ఇస్లాం తలుపు మూసేయలేదు. దైవప్రవక్త (స) ఇంట్లో ఖర్జూరాలు నీళ్ళలో నానబెట్టి ఆ తీపి నీటిని తాగేవారు. రెండు మూడు రోజులు దాటితే, మత్తెక్కే అవకాశముందని దాన్ని వదిలేసేవారు. త్వరగా పులిసే కొన్ని రకాల పాత్రలను మొదట్లో వద్దన్నారు, తర్వాత పాత్ర ఏదైనా మత్తు మాత్రం వద్దన్నారు. అంటే పానీయం తయారు చేసే నేర్పు తప్పు కాదు, గీత ఎక్కడుందో తెలియకపోవడమే తప్పు. సిర్కాను ఆయన మంచి కూరగా మెచ్చుకున్నారు. అయితే దాని తయారీ పద్ధతిని ఆలింలను అడిగి తెలుసుకుని మొదలుపెట్టాలి.

1906లో ఢిల్లీలో హకీం అబ్దుల్ మజీద్ ఒక చిన్న దవాఖానా తెరిచారు. ఎండదెబ్బకు చలువగా ఆయన తయారు చేసిన షర్బత్తే రూహ్ అఫ్జా. ఆయన పోయాక భార్య, కొడుకులు దాన్ని నిలబెట్టారు. 1948లో కుమారుడు హకీం అబ్దుల్ హమీద్ ఆ సంస్థను వక్ఫ్ చేశారు. నేటికీ ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద ఆ ఎర్ర షర్బత్తు లేని ఊరు అరుదు. మెదక్ ఎండలకు నన్నారి, సబ్జా, నిమ్మ, చింతపండు షర్బత్తులకు గిరాకీ తక్కువా?

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లవాడు కొత్త వ్యాపారం గురించి చెప్పినప్పుడు "ఎంత వస్తుంది?" అని అడగడానికి ముందు "ఎక్కడి నుండి వస్తుంది?" అని అడగండి. దుఆకు చేతులెత్తినప్పుడు మన కడుపులో ఉన్న అన్నం ఏ సొమ్ముతో కొన్నదో అల్లాహ్‌కు తెలుసు. కొద్దిదైనా శుభ్రమైన సంపాదనను, అందులో బర్కత్‌ను ఆయన మన ఇళ్ళకు ప్రసాదించుగాక! ఆమీన్.