ఇంటర్నెట్ బిల్లు: కొల్లేటికోటలో కంపెనీ మార్చే ఛాన్స్ లేకపోయినా.. బిల్లు తగ్గించుకునే దారులున్నాయ్!

పెద్దింట్లమ్మ జాతరకు వెళ్లినవాళ్లకు కొల్లేటికోట దారి గుర్తుండే ఉంటుంది. అటూ ఇటూ చేపల చెరువులు, మధ్యలో సన్నటి రోడ్డు, పక్కన కరెంటు స్తంభాలు. ఇలాంటి లంక గ్రామాలకు ఫైబర్ ఇంటర్నెట్ రావాలంటే ఎక్కువగా ఆ స్తంభాలే ఆధారం.

ఇంటర్నెట్ బిల్లు ఎక్కువైందంటే అందరూ చెప్పే సలహా ఒక్కటే.. కంపెనీ మార్చేయండి! ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో అయితే అది కుదురుతుంది. వీధిలో మూడు నాలుగు కంపెనీల లైన్లుంటాయ్. మరి కొల్లేరు లంకల్లో? లైన్ ఉన్న కేబుల్ ఆపరేటర్ ఒక్కరే అయితే ఎవరికి మారాలి?

149 రూపాయలతో మొదలై..

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైంది. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్.. మూడూ ఇస్తామన్నది అప్పటి మాట. కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి, ఊళ్లో కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చే పద్ధతి అది. తర్వాత ధరలు పెరిగాయి. ఇప్పుడు ఏ కంపెనీ కనెక్షన్ అయినా ప్లాన్ ధర మీద 18 శాతం జీఎస్టీ కూడా కట్టాల్సిందే.

పోటీ లేనిచోట రేటు దానంతట అదే తగ్గదు. అయితే ఇక్కడే ఒక విషయం గమనించాలి. కిలోమీటర్ల కొద్దీ లైన్ లాగిన ఆపరేటర్‌కు ఆ ఊళ్లో ఉండేవే కొద్ది కనెక్షన్లు. ఒక్క ఇల్లు ఆగిపోయినా ఆయనకు నష్టమే. ప్లాన్ రేటు నిర్ణయించేది కంపెనీ కాబట్టి దాన్ని ఆయన తగ్గించలేరు. కానీ చిన్న ప్లాన్‌కు మార్చడం, అక్కర్లేని ప్యాక్ తీసేయడం ఆయన చేతిలో పనే. అడిగితేనే జరుగుతుంది!

అసలు ఎంత స్పీడ్ కావాలి?

బిల్లు పెరగడానికి ముఖ్య కారణం అవసరానికి మించిన స్పీడ్. నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్, 4కే వీడియోకు 15 ఎంబీపీఎస్ చాలు. టీవీలో సినిమా, ఒక ఫోన్‌లో యూట్యూబ్, పిల్లల ఆన్‌లైన్ క్లాస్.. అన్నీ ఒకేసారి నడిచినా మామూలు ఇంటికి 30 ఎంబీపీఎస్ సరిపోతుంది. చెరువు గట్టు మీద సీసీ కెమెరా పెట్టుకున్నవాళ్లు మాత్రం అప్‌లోడ్ స్పీడ్ ఎంతో అడిగి చూసుకోవాలి.

ప్లాన్ మారితే ఎంత తేడా వస్తుందో చూడండి. 2020లో జియో ఫైబర్ ప్రకటించిన ప్లాన్లలో 30 ఎంబీపీఎస్‌కు 399, 100 ఎంబీపీఎస్‌కు 699 రూపాయలు. జీఎస్టీ కలిపితే 470.82, 824.82 అవుతాయి. అంటే నెలకు 354 రూపాయల తేడా. ఏడాదికి 4,248 రూపాయలు! ఏ కంపెనీలోనైనా పై ప్లాన్‌కు, కింది ప్లాన్‌కు మధ్య తేడా ఉంటుంది. లెక్క వేసుకోవాల్సింది అదే.

నెట్ స్లోగా ఉందని వెంటనే పెద్ద ప్లాన్ తీసుకోవద్దు. రూటర్‌కు ల్యాన్ వైర్ పెట్టి స్పీడ్ చూడాలి. వైర్‌లో బాగానే వస్తుంటే సమస్య ప్లాన్‌ది కాదు, వైఫైది. బీరువా వెనకో, మూల గదిలోనో ఉన్న రూటర్‌ను హాల్లో ఎత్తుగా పెడితే పైసా ఖర్చు లేకుండా తేడా తెలుస్తుంది.

బిల్లులో ఇవి చూశారా?

* టీవీ ప్యాక్: ఇంటి మీద డిష్ ఉండగా ఇంటర్నెట్‌తో పాటు టీవీకి కూడా కడుతున్నారా? రెండింట్లో ఒకటి తీసేయొచ్చు.

* ఓటీటీ: ఎవరూ చూడని యాప్‌లు ప్లాన్‌లో ఉంటే ఓటీటీ లేని ప్లాన్ అడగాలి.

* బాక్సు, రూటర్ అద్దె: నెలనెలా కడుతున్నారా, డిపాజిట్ ఇచ్చారా అన్నది రసీదు చూసి తేల్చుకోవాలి.

* మొబైల్ రీఛార్జ్: ఇంట్లో వైఫై ఉన్నప్పుడు ఇంట్లోనే ఉండే పెద్దవాళ్ల ఫోన్‌కు రోజుకు జీబీల డేటా ఎందుకు? వాయిస్, ఎస్సెమ్మెస్‌లకే ప్రత్యేక ప్యాక్‌లు ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది.

ఏడాది ప్లాన్ లాభమేనా?

ఆరు నెలలకో, ఏడాదికో ఒకేసారి కడితే కంపెనీలు కొంత తగ్గింపు ఇస్తుంటాయి. పట్టుబడి అయి చేతిలో డబ్బున్నప్పుడు ఇది మంచి బేరంలాగే కనిపిస్తుంది. కానీ కొల్లేరు సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరును ముంచెత్తింది. స్తంభాలు, వైర్లు దెబ్బతింటే లైన్ ఎప్పుడు బాగవుతుందో చెప్పలేం. సర్వీసు ఆగిన రోజులకు వ్యాలిడిటీ పెంచుతారా అని ముందే అడిగి, జవాబు మెసేజ్ రూపంలో తీసుకోవాలి. ఆ మాట ఇవ్వకపోతే నెలనెలా కట్టుకోవడమే మేలు.

ఆపరేటర్‌ను ఇలా అడగండి

"ఏవండీ, ఈ నెల ప్లాన్ అయిపోగానే చిన్న ప్లాన్‌లోకి మార్చండి. టీవీ ప్యాక్ వద్దు. ట్యాక్స్‌తో కలిపి ఎంతవుతుందో మెసేజ్ పెట్టండి." ఇంతే. గడువు ముగిసే నాలుగైదు రోజుల ముందే ఈ మాట చెప్పాలి. మధ్యలో మారిస్తే మిగిలిన రోజుల డబ్బులు పోయే అవకాశం ఉంది.

ఆపరేటర్ కుదరదంటే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోవాలి. అక్కడా పరిష్కారం కాకపోతే అదే కంపెనీలోని అప్పీలు అథారిటీకి వెళ్లొచ్చు. ట్రాయ్ నిబంధనల ప్రకారం ఈ రెండంచెల ఏర్పాటు ఉంది. అప్పీలుకు ఆ ఫిర్యాదు నంబరే ఆధారం కాబట్టి దాన్ని రాసి పెట్టుకోవాలి.