మీడియం మారింది, ఇంగ్లీషు పీరియడ్ మారలేదు

1952లో ముల్కీ ఉద్యమం వరంగల్‌లో రాజుకున్నది టీచరు కొలువుల దగ్గరే. ఉర్దూ మీడియంలో చదివిన ఇక్కడివాళ్లకు ఇంగ్లీషు రాదన్న సాకుతో స్థానికేతరులకు తలుపులు తెరిచారు. ఆ సెప్టెంబరులో హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఇంగ్లీషు రాదన్న మాట వల్ల ఈ నేల ఎంత నష్టపోయిందో మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

2022-23లో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టారు. ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. మేము దీనికి వ్యతిరేకం కాదు. ఫీజు కట్టలేని కూలీ బిడ్డకూ ఇంగ్లీషు దక్కాలన్నది న్యాయమైన కోరిక. కానీ అసలు భాష నేర్పాల్సిన ఇంగ్లీషు పీరియడ్‌లో ఏం జరుగుతున్నదో పాలకులు చూస్తున్నారా?

చాలా హైస్కూళ్లలో జరిగేది ఇది. సారు ఒక్కో వాక్యం చదివి తెలుగులో అర్థం చెబుతారు. జవాబులు బోర్డు మీద రాస్తారు, పిల్లలు నోటుబుక్కులోకి ఎక్కించుకుంటారు. దసరా దాటిందంటే పుస్తకం మూలకు, గైడు చేతికి. స్నేహితునికి ఉత్తరం రాయమంటే క్లాసు మొత్తానిదీ ఒకటే ఉత్తరం, స్నేహితుని పేరుతో సహా! పదో తరగతి పాసైన పిల్ల తన ఊరి గురించి నాలుగు ముక్కలు సొంతంగా చెప్పలేకపోతున్నది. ఇందులో పిల్ల తప్పేమీ లేదు. సారును ఒక్కణ్నే అనీ లాభం లేదు. పబ్లిక్ పరీక్షలో ఎనభై మార్కులూ రాతకే. నోటితో మాట్లాడేది, చెవితో వినేది అక్కడ లెక్కకే రాదు. లెక్కకు రానిదాన్ని ఎవరు నేర్పుతారు?

పాఠ్యపుస్తకంలో కథలున్నాయి, పద్యాలున్నాయి. వాటినీ ప్రశ్నా జవాబులుగా ముక్కలు కోస్తున్నారు. ఒకరు చెబితే పదిమంది అందుకోవడం మన పిల్లలకు బతుకమ్మ ఆటలోనే అలవాటు. ఇంగ్లీషు పద్యాన్నీ అట్లాగే నాలుగుసార్లు అనిపించండి, అర్థం తర్వాత చెప్పొచ్చు. కథను సగంలో ఆపి తర్వాత ఏమవుతుందో అడగండి. తెలుగులో చెప్పినా సరే, మన యాసలో చెప్పినా సరే. ముందు కథ మీద మోజు పుట్టాలి, ఇంగ్లీషు దాని వెంట వస్తుంది.

ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇవ్వడానికే 1958లో హైదరాబాద్‌లో కేంద్ర ఇంగ్లీషు సంస్థ పెట్టారు. 2007లో అది ఇఫ్లూ అనే కేంద్ర విశ్వవిద్యాలయమైంది. ఉస్మానియా పక్కనే అంత పెద్ద సంస్థ ఉన్నది. మన హైస్కూలు ఇంగ్లీషు సార్లను విడతల వారీగా, పూర్తి జీతంతో ఒక్కో నెల అక్కడికి పంపడానికి సర్కారుకు అడ్డమేమిటి?

ఉపాధ్యాయ సంఘాలు పీఆర్సీ కోసం, బదిలీల కోసం పోరాడుతున్నాయి, పోరాడాల్సిందే. ఆ డిమాండ్ల పత్రంలో ఈ శిక్షణను కూడా చేర్చాలి. పదో తరగతి ఇంగ్లీషు పరీక్షలో మాటకూ వినికిడికీ మార్కులు కేటాయించాలని విద్యార్థి సంఘాలు వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యే లోపే పట్టుబట్టాలి.